తేలికైన షటిల్ బ్యాటు: అంకె చూసి కొనాలా, ఊపి చూసి కొనాలా

నా బల్ల మీద ఇప్పుడు రెండు షటిల్ బ్యాట్లు ఉన్నాయి. ఒకదాని కాడ మీద 72 గ్రాములని ఉంది. రెండోదాని పిడికి పైన ఉండే కొప్పు మీద 4యూ అని ఉంది, అంటే అది 80 గ్రాములకు తక్కువ ఉండదు. తిరుపతిలో నేను రోజూ ఉదయం ఆడే కోర్టులో నలుగురు మిత్రులను కళ్ళు మూసుకోమని చెప్పి, గట్టింగ్ (తలలో అల్లే తీగలు) వేసి ఉన్న ఆ రెండు బ్యాట్లనూ ఒకదాని తర్వాత ఒకటి చేతికిచ్చి, ఊపి చూసి ఏది తేలికగా ఉందో చెప్పమన్నాను. ముగ్గురు 4యూ బ్యాటే తేలికన్నారు. కళ్ళు తెరిచి అంకె చూసిన తర్వాత కూడా వారిలో ఒకాయన నమ్మలేదు. మరునాడు ఇంటి నుంచి వంటింటి త్రాసు తెచ్చి రెండింటినీ తూచాడు. త్రాసు అంకె పక్షానే నిలిచింది, ఆయన చెయ్యి మాత్రం మాట మార్చలేదు.

త్రాసుకు తెలిసే బరువు వేరు, మణికట్టుకు తెలిసే బరువు వేరు. తేలికైన బ్యాటు కావాలని అంగడికి వెళ్ళేవారిలో చాలామందికి నిజంగా కావలసింది రెండో రకం తేలికదనం. తెచ్చుకునేది మాత్రం మొదటి రకం. నేనూ ఒకసారి అలాగే తెచ్చుకుని మూడు నెలలు అవస్థపడ్డాను. అందుకే ఇక్కడ గ్రాములతో మొదలుపెట్టినా, గ్రాముల దగ్గరే ఆగిపోవడం లేదు.

యూ అక్షరం వెనక ఉన్న లెక్క

బ్యాడ్మింటన్ నియమాలు బ్యాటు మొత్తం పొడవు 680 మిల్లీమీటర్లు, వెడల్పు 230 మిల్లీమీటర్లు మించకూడదని అంటాయే తప్ప, బరువు ఎంత ఉండాలన్న విషయంలో ఏ హద్దూ పెట్టవు. అందువల్ల బరువు తయారీదారుల ఇష్టం. యోనెక్స్ వాడే యూ గుర్తునే ఇప్పుడు చాలా కంపెనీలు అనుసరిస్తున్నాయి. దాని ప్రకారం 3యూ అంటే 85 నుంచి 89 గ్రాములు, 4యూ అంటే 80 నుంచి 84, 5యూ అంటే 75 నుంచి 79, అంతకంటే తేలికైన ఎఫ్ అంటే 70 నుంచి 74 గ్రాములు. యూ ముందున్న అంకె పెరిగిన కొద్దీ బరువు తగ్గుతుందన్న మాట. కొత్తవారు ఇక్కడే తికమకపడి, 3యూను 5యూ కంటే తేలిక అనుకుంటారు. లీ-నింగ్ వంటివారు కొన్ని బ్యాట్ల మీద గ్రాములే నేరుగా ముద్రిస్తారు కాబట్టి వాటితో ఆ తికమక లేదు.

ఈ అంకెలన్నీ గట్టింగ్ వేయక ముందు బరువులు. గట్టింగ్ ఒక ఐదు గ్రాములు కలుపుతుంది, పిడి మీద చుట్టే పలుచని ఓవర్‌గ్రిప్ ఇంకో ఐదు. అంటే 72 గ్రాముల బ్యాటు కోర్టులోకి వచ్చేసరికి 82 దగ్గర ఉంటుంది. చెమటకు చేయి జారుతుందని ఒక ఓవర్‌గ్రిప్ మీద ఇంకొకటి చుట్టేవారు మా దగ్గర చాలామంది ఉన్నారు. గ్రాముకు ఇంత అని డబ్బు పోసి తగ్గించుకున్న బరువును వాళ్ళు ఇరవై నిమిషాల్లో, రెండు రిబ్బన్లతో వెనక్కి తెచ్చుకుంటారు. అయితే అది వాళ్ళకు నష్టం కాదు, చాలాసార్లు లాభమే. ఎందుకో తెలియాలంటే తూకం సంగతి, అంటే బ్యాటు బరువు తలకూ పిడికీ మధ్య ఎలా పంచుకుని ఉందో చూడాలి.

తల బరువా, తల తేలికా

ఇంట్లో ఉన్న ఏ బ్యాటునైనా తీసుకుని, ఒక నాణేన్ని టేపుతో పిడి మీద అతికించి నాలుగుసార్లు ఊపండి, తేడా తెలియదు. అదే నాణేన్ని తీసి తల కొసన అతికించి ఊపండి. బ్యాటు మారిపోయినట్టు ఉంటుంది. పిడి అడుగు నుంచి 80 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న నాణెం 640 మిల్లీమీటర్ల దూరానికి వెళితే దూరం ఎనిమిది రెట్లు పెరిగింది, కానీ ఆ పిడి అడుగును ఇరుసుగా చేసుకుని తిప్పేటప్పుడు ఆ నాణెం పెట్టే ప్రతిఘటన ఎనిమిది రెట్లు కాదు, అరవై నాలుగు రెట్లు పెరుగుతుంది, ఎందుకంటే తిరిగే వస్తువుల విషయంలో దూరాన్ని దూరంతోనే హెచ్చవేయాలి. నా బల్ల మీది 72 గ్రాముల బ్యాటు మిత్రులకు బరువుగా తోచడానికి కారణం ఇదే: అది తగ్గించుకున్న గ్రాములన్నీ పిడిలోనూ కాడలోనూ పోయాయి, తలలో ఉన్నవి అలాగే ఉన్నాయి.

కంపెనీలు దీన్ని బ్యాలన్స్ పాయింట్ అనే అంకెతో చెబుతాయి. బ్యాటును ఒక వేలి మీద అడ్డంగా పెడితే ఏ చోట అటూ ఇటూ ఒరగకుండా నిలుస్తుందో, పిడి అడుగు నుంచి ఆ చోటికి ఉన్న దూరం అది. గట్టింగ్ లేని బ్యాటుకు సుమారుగా 285 మిల్లీమీటర్ల లోపు ఉంటే తల తేలిక అనీ, 295 దాటితే తల బరువు అనీ, మధ్యలో ఉంటే సమతూకం అనీ అంటారు. కంపెనీకి కంపెనీకి ఈ గీతలు కొంచెం అటూ ఇటూ జరుగుతాయి. యోనెక్స్‌లో ఆస్ట్రాక్స్ వరుస తల బరువుది, నానోఫ్లేర్ వరుస తల తేలికది, ఆర్క్‌సేబర్ వరుస మధ్యస్థం. ఈ మూడు పేర్లు గుర్తుంటే అంగట్లో సగం మాటలు అర్థమవుతాయి.

ఇప్పుడు ఓవర్‌గ్రిప్ లెక్కకు వద్దాం. 85 గ్రాముల బరువు, 295 మిల్లీమీటర్ల తూకం ఉన్న బ్యాటు పిడికి ఐదు గ్రాముల రిబ్బను చుడితే తూకం దాదాపు పన్నెండు మిల్లీమీటర్లు చేతి వైపు జరుగుతుంది. బ్యాటు మొత్తం బరువు పెరిగింది, తల మాత్రం తేలికపడినట్టు అనిపిస్తుంది. గట్టింగ్ దీనికి సరిగ్గా వ్యతిరేకం: తల మధ్యలో చేరే ఆ ఐదు గ్రాములు తూకాన్ని పధ్నాలుగు మిల్లీమీటర్ల దాకా తల వైపు లాగుతాయి. కాబట్టి గట్టింగ్ లేకుండా, అట్టపెట్టెలో నుంచి తీసిన బ్యాటును అంగట్లో ఊపి "అబ్బ, ఎంత తేలిక" అనుకోవడంలో అర్థం లేదు. అదే వరుసలో గట్టింగ్ వేసి ఉన్న బ్యాటు ఏదైనా ఉంటే ఇమ్మని అడగండి.

తల బరువుగా ఉంటేనే స్మాష్‌కు, అంటే పైనుంచి కిందికి గట్టిగా కొట్టే దెబ్బకు, బలం వస్తుందన్న నమ్మకం మన దగ్గర గట్టిగా పాతుకుపోయి ఉంది. దానికి ఆధారం లేకపోలేదు; చేయి వేగం సమానంగా ఉంటే తలలో బరువున్న బ్యాటు కాక్‌ను (షటిల్‌ను) కొంచెం గట్టిగానే తంతుంది. కానీ ఆ "సమానంగా ఉంటే" అన్నదే చిక్కు. కాక్ బరువు ఐదు గ్రాములు, బ్యాటు దానికి పదిహేను రెట్లకు పైన. ఆ బ్యాటుకు ఇంకో నాలుగు గ్రాములు చేర్చితే కాక్‌కు అందే వేగం స్వల్పంగానే పెరుగుతుంది, బ్యాటు కదిలే వేగం పదో వంతు పెరిగితే మాత్రం కాక్ వేగం కూడా ఇంచుమించు పదో వంతు పెరుగుతుంది. అమలాపురం కుర్రవాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకాలో, యోనెక్స్ కర్మాగారం వ్యాయామశాలలో, గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు సాధించాడు. అప్పుడు అతని చేతిలో ఉన్నది నానోఫ్లేర్ 1000 జడ్, అంటే తల తేలిక వరుసలోని బ్యాటు. దానికి ముందు పదేళ్ళు నిలిచిన 493 కిలోమీటర్ల రికార్డును 2013లో మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియోంగ్ నెలకొల్పింది కూడా నానోరే జడ్-స్పీడ్‌తో, తల తేలిక కుటుంబంలోని దానితోనే. ఇది చదివి ఎవరూ 1000 జడ్ కొనడానికి పరుగెత్తనక్కర లేదు. దాని కాడ బిరుసుతనం వారానికి నాలుగు రోజులు ఆడే మనలాంటి చేతులకు కాదు. తలలో బరువు లేకుంటే దెబ్బకు బలం రాదన్న మాట నిలవదని చూపడానికి మాత్రమే చెప్పాను.

తేలికకు కూడా ఒక అడుగు ఉంది

అలాగని తగ్గించుకుంటూ పోతే ఎక్కడిదాకా? బజారులో 60 గ్రాముల చుట్టుపక్కల ఉండే బ్యాట్లు కూడా ఉన్నాయి. నా అవస్థ మొదలైంది అక్కడే. కొన్నేళ్ళ క్రితం భుజం నొప్పితో ఉన్న రోజుల్లో ఊళ్ళో ఒక అంగడికి వెళితే, అంగడాయన లోపలి నుంచి అలాంటిది ఒకటి తెచ్చి, "పట్టుకోండి సార్, ఈకలాగా ఉంటాది, చేతిలో ఉన్నట్టే తెలీదు" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. చేతిలో ఉన్నట్టు తెలియకపోవడమే దాని తప్పు. క్లియర్ (కాక్‌ను ఎత్తుగా అవతలి వెనక గీత దాకా పంపే దెబ్బ) కొట్టేటప్పుడు బ్యాటు తల ఇప్పుడు ఎక్కడుందో చేతికి అందాల్సిన సమాచారం అందేది కాదు. కాక్ తలకు తగలడానికి ముందే ఊపు అయిపోయేది, లేదా తగిలినా అవతలి వాళ్ళ కోర్టు మధ్యలోనే దిగేది. వెనక గీత దాకా పంపాలంటే బ్యాటు చేయాల్సిన పనిని కూడా భుజమే చేయాల్సి వచ్చేది. తేలికైన బ్యాటు కొన్నది భుజం కోసం, నొప్పి పెరిగింది ఆ భుజానికే.

ఆ తర్వాత ఆలోచిస్తే కారణం సులువుగానే దొరికింది. మనం ఊపేది బ్యాటును ఒక్కదాన్నే కాదు, అరచేతిని, ముంజేతిని కూడా; వాటి బరువు బ్యాటుకు ఎన్నో రెట్లు. బ్యాటు 90 నుంచి 80కి దిగితే ఊపులో వచ్చే మార్పు స్పష్టంగా తెలుస్తుంది. 75 నుంచి 65కి దిగితే వేగంలో లాభం అంతకంతకూ సన్నబడుతుంది, ఎందుకంటే చేయి తన బరువును తాను మోసుకుంటూ తిరగక తప్పదు. దెబ్బలో నష్టం మాత్రం పూర్తిగా అనుభవంలోకి వస్తుంది.

తిరుపతి, చిత్తూరు వంటి ఊళ్ళలో దీనికి ఇంకో కోణం ఉంది. ఇక్కడ చాలామంది ఆడేది ఈకల కాక్‌తో కాదు, నైలాన్ కాక్‌తో. అపార్ట్‌మెంటు ఆవరణల్లోనూ, కాలనీ ఖాళీ స్థలాల్లోనూ ఫ్లడ్‌లైట్లు కట్టుకుని రాత్రిపూట ఆడేవాళ్ళకైతే అదొక్కటే దిక్కు. యోనెక్స్ మేవిస్ అనే నైలాన్ కాక్‌ల డబ్బాల మీద రంగు చూస్తే ఆకుపచ్చ నెమ్మది రకానిది, 22 డిగ్రీలు దాటిన వాతావరణానికి. నీలం నడిమి రకం. ఎరుపు చలి ప్రాంతాలకు. వేడి గాలి పలుచగా ఉండి కాక్ ఎక్కువ దూరం పోతుంది కాబట్టి మన ఎండలకు సహజంగా ఆకుపచ్చదే కొంటాం. ఆ నెమ్మది నైలాన్ కాక్‌ను, శేషాచలం కొండ వైపు నుంచి సాయంత్రపు గాలి వీస్తుండగా, ఆరుబయట కోర్టులో ఈ చివర నుంచి ఆ చివరకు, అంటే 13.4 మీటర్లు, పంపాలంటే 65 గ్రాముల బ్యాటు చాలదు. ఈకల కాక్‌తో ఇండోర్ కోర్టులో ముచ్చటగా ఆడిన బ్యాటే, ఆరుబయట నైలాన్ కాక్‌కు చేతకానిదిగా మారడం నేను పలుమార్లు చూశాను. ఎక్కడ, దేనితో ఆడతారో తేల్చుకోకుండా ఎంత బరువు కావాలో తేల్చలేం.

నా అభిప్రాయం నిక్కచ్చిగా చెప్పాలంటే, పెద్దలకు 75 గ్రాముల కంటే తక్కువ బ్యాటు ప్రత్యేక కారణం ఉంటే తప్ప అక్కర లేదు.

ఎవరికి ఏది

ఇక మిగిలిన పోటీ 4యూకూ 5యూకూ మధ్య, వాటిలో మళ్ళీ మూడు రకాల తూకాల మధ్య. నలభై దాటి, రోజూ ఉదయం ఒక గంట డబుల్స్ ఆడి ఆఫీసుకు వెళ్ళేవారికి నేను 5యూలో సమతూకం ఉన్నదాన్నే మొదట చూపిస్తాను. వాళ్ళ ఆటలో స్మాష్‌ల కంటే నెట్ దగ్గర అడ్డుకోవడం, భుజం ఎత్తులో వచ్చే కాక్‌ను వెనక్కి నెట్టడం ఎక్కువ. తల తేలికగా ఉంటే అడ్డుకోవడానికి బాగుంటుంది కానీ అలిసిన తర్వాత, మూడో గేములో, వెనక నుంచి క్లియర్ కొట్టాలంటే చేయి సాయం అడుగుతుంది. ఆ సాయం కొంచెం తలలో ఉండాలి. అందుకే పూర్తి తల తేలిక కాకుండా మధ్యస్థం.

డబుల్స్‌లో ముందు నిలబడి ఆడటమే తన పని అనుకునేవారి విషయం వేరు. ఎదుటివాడి స్మాష్ నుంచి తమ బ్యాటు దాకా వాళ్ళకు దొరికే సమయం రెప్పపాటు కంటే ఎక్కువ కాదు. వాళ్ళకు తల తేలిక బ్యాటు ఇచ్చిన రోజు నుంచి ఆట మారుతుంది. 4యూ అయినా ఫరవాలేదు, 5యూ అయితే మరీ మంచిది. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. 5యూ బ్యాట్ల చట్రాలు సన్నగా ఉంటాయి. డబుల్స్‌లో ఒకే కాక్ కోసం ఇద్దరూ చేయి చాపి బ్యాట్లు ఢీకొనడం మామూలు. గత సంవత్సరం నా కళ్ళ ముందే ఒక మిత్రుడి 5యూ బ్యాటు తల "టిక్" అని ఎండుకొమ్మ విరిగిన శబ్దం చేసింది. పైకి ఒక సన్నని వెంట్రుక గీత తప్ప ఏమీ కనపడలేదు, అయినా పావుగంటలో గట్టింగ్ బిగికి తల లోపలికి ముడుచుకుపోయింది. ఇలా ఢీకొని విరిగితే సాధారణంగా వారంటీ వర్తించదు. మీ జోడీ ఉత్సాహం ఎక్కువున్న మనిషైతే 4యూకు ఓటు వేయడమే మేలు.

కాలేజీ పిల్లలు, సింగిల్స్ ఆడేవారు, ఎగిరి స్మాష్ కొట్టాలన్న సరదా ఉన్నవారు తేలికైన బ్యాట్లలోనే తల బరువు రకాన్ని కోరుకుంటారు. 72 నుంచి 79 గ్రాముల మధ్య తల బరువున్న బ్యాట్లు ఇప్పుడు చాలా వస్తున్నాయి, అమ్మకాలూ వాటివే బాగున్నట్టు అంగళ్ళలో వేలాడే వరసలను చూస్తేనే తెలుస్తుంది. ఈ జోడింపు తెలివైనదే: మొత్తం బరువు తక్కువ, దెబ్బ దగ్గర బరువు ఉంది. మణికట్టు బలంగా ఉన్న ఇరవై ఏళ్ళ వారికి నేను వద్దనను. కానీ 72 అన్న అంకె చూసి మోసపోయి భుజం నొప్పి ఉన్నవారు దీన్ని కొనడమే నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. వాళ్ళకు 82 గ్రాముల తల తేలిక బ్యాటు ఇంతకంటే సుఖంగా ఉంటుంది.

పదేళ్ళ నుంచి పదమూడేళ్ళ పిల్లలకు 5యూ, సాధ్యమైతే ఎఫ్, తూకం ఏదైనా మెత్తని కాడ. ఇంతకంటే పెద్దగా ఆలోచించాల్సింది లేదు. రెండేళ్ళలో వాళ్ళ చేయి మారుతుంది, బ్యాటూ మారుతుంది. అయితే మా పక్కింటి పాపకు వాళ్ళ నాన్న బీరువాలో దాచుకున్న అల్యూమినియం చట్రం, స్టీలు కాడ ఉన్న పాత బ్యాటునే ఇచ్చి "నేర్చుకున్నాక మంచిది కొందాం లేమ్మా" అన్నాడు. ఇది తలకిందుల లెక్క. బరువైన బ్యాటుతో పిల్లలు మణికట్టు వాడకుండా మోచేతితో నెట్టడం అలవాటు చేసుకుంటారు, తర్వాత ఆ అలవాటు మాన్పించడానికి కోచ్‌కు ఆరు నెలలు పడుతుంది.

కాడ, పిడి

కాడ బిరుసుగా ఉండాలా, వంగాలా అన్నది బరువుతో సమానంగా ముఖ్యమైన విషయమైనా, నిర్ణయం సులువు. బ్యాటును వెనక్కి లాగి ముందుకు తెచ్చేటప్పుడు కాడ కొద్దిగా వంగి, కాక్‌కు తగిలే వేళకు తిరిగి నిటారుగా వస్తూ తన వంతు తోపు ఇస్తుంది. వేగంగా ఊపేవారికి బిరుసు కాడ సరైన సమయానికి తిరిగి వస్తుంది. నెమ్మదిగా ఊపేవారి చేతిలో అది అసలు వంగనే వంగదు, ఇనుప కడ్డీతో కొట్టినట్టు ఉండి దెబ్బ అదురు మోచేతికి ఎక్కుతుంది. తేలికైన బ్యాటు కోరుకునేవారిలో ఎక్కువమంది నెమ్మదిగా ఊపేవారే కాబట్టి, మెత్తనిది గాని మధ్యస్థం గాని తీసుకోవాలి. అంగట్లో పిడిని ఒక చేత్తో, తల కొసను ఇంకో చేత్తో పట్టుకుని సున్నితంగా వంచి చూస్తే రెండు బ్యాట్లకు తేడా తెలిసిపోతుంది. మరీ గట్టిగా వంచితే అంగడాయన మాట పడాల్సి వస్తుంది, అది న్యాయమే.

పిడి మందాన్ని యోనెక్స్ జీ4, జీ5 అని చెబుతుంది. ఇక్కడ కూడా అంకె పెరిగితే పిడి సన్నబడుతుంది. మన వాతావరణంలో ఓవర్‌గ్రిప్ లేకుండా ఆడటం కుదరదు కాబట్టి సన్నదాన్నే కొని, దాని మీద చుట్టుకోవడం మంచిది.

గట్టింగ్‌ను మరిచిపోతే అంతా వృథా

మూడు వేల రూపాయల బ్యాటుకు కంపెనీ నుంచే వేసి వచ్చిన గట్టింగ్‌తో ఏడాది పొడవునా ఆడి, బ్యాటులో దమ్ము లేదని వాపోయేవారిని చూస్తే నాకు జాలి వేస్తుంది. ఫ్యాక్టరీ గట్టింగ్ సాధారణంగా వదులుగా ఉంటుంది. ఈ మధ్య తేలికైన బ్యాట్ల కాడ మీద 30 పౌండ్ల దాకా బిగించుకోవచ్చని ముద్రిస్తున్నారు. అది చట్రం తట్టుకునే హద్దు, మనం బిగించుకోవాల్సిన కొలత కాదు. బిగి పెరిగిన కొద్దీ తల మధ్యలో దెబ్బ బాగా పని చేసే చోటు చిన్నదవుతుంది, తప్పు తగిలిన దెబ్బ అదురు చేతికి వస్తుంది. రోజువారీ ఆటకు 22 నుంచి 24 పౌండ్లు చాలు. నైలాన్ కాక్‌తో ఆడేవారు 21 దగ్గర ఆగినా నష్టం లేదు.

తీగల్లో యోనెక్స్ వారి బీజీ 65 మందం 0.70 మిల్లీమీటర్లు, ఎక్కువ రోజులు నిలుస్తుంది. బీజీ 66 అల్టిమాక్స్ 0.65, శబ్దం, తోపు రెండూ బాగుంటాయి కానీ తొందరగా తెగుతుంది. తక్కువ వేగంతో ఊపే చేతికి సన్నని తీగ కొంత సాయం చేస్తుంది, దాన్ని తరచుగా మార్చుకునే ఓపిక ఉంటేనే. తేలికైన చట్రం విషయంలో గట్టింగ్ వేసే మనిషిని కూడా ఎంచుకోవాలి. తలను చాలా చోట్ల పట్టి ఉంచే మిషన్ మీద వేయించండి. రెండు చోట్ల మాత్రమే బిగించే మిషన్ మీద సన్నని 5యూ తల ఒక వైపు వంకర తిరగడానికి ఎక్కువ సమయం పట్టదు. తీగ ఒకటి తెగిన వెంటనే మిగిలినవాటిని కూడా మధ్య నుంచి అంచులకు కత్తిరించేయాలి. ఒక వైపు బిగి, ఒక వైపు వదులు ఉన్న చట్రాన్ని సంచీలో వారం రోజులు ఉంచితే, తేలికైన బ్యాటు ఆ ఒత్తిడిని క్షమించదు.

మన ఊరి ఎండ సంగతి కూడా ఇక్కడే. వేసవిలో 40 డిగ్రీలు దాటే తిరుపతిలో, ఉదయం ఆట అయ్యాక బ్యాటును కారు వెనక అద్దం కింద పెట్టి సాయంత్రం దాకా ఆఫీసు బయట వదిలేస్తే, ఆ వేడికి తీగల బిగి దిగిపోతుంది. ఇరవై నాలుగు పౌండ్లకు వేయించిన గట్టింగ్ నెల తిరగకుండానే చప్పగా మోగుతోందని గట్టింగ్ వేసినవాడిని తిట్టుకునే ముందు, బ్యాటు పగలంతా ఎక్కడ ఉందో గుర్తు చేసుకోవాలి.

అంగట్లో ఆ పదిహేను నిమిషాలు

ధర విషయంలో నా సలహా చిన్నది. వెయ్యి రూపాయల లోపు దొరికే జోడీ బ్యాట్లు మేడ మీద సరదాగా ఆడుకోవడానికి పనికొస్తాయి, తేలికదనం గురించి ఆలోచించేవారికి కాదు. సుమారు 1,500 నుంచి 3,500 రూపాయల మధ్య చట్రమూ కాడా రెండూ గ్రాఫైట్‌తో చేసిన 4యూ, 5యూ బ్యాట్లు దొరుకుతాయి. మనలో ఎక్కువమందికి అక్కడే ఆగిపోవడం సబబు. ఐదారు వేలు దాటాక పెరిగేది ముఖ్యంగా బిరుసుదనం, తయారీలోని నిలకడ. వాటిని వాడుకోగలిగే చేయి ఉండాలి. ఆరు వేలు ఉన్నవారు మూడు వేల బ్యాటు ఒకటి, మంచి గట్టింగ్, మిగిలిన డబ్బుతో అడుగు జారని నాన్-మార్కింగ్ బూట్లు కొనుక్కుంటే ఆట ఎక్కువ బాగుపడుతుంది.

తిరుపతిలో దొరకని వరుస కోసం చెన్నై వెళ్ళి తెచ్చుకునేవారూ, ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారూ ఉన్నారు. ఆన్‌లైన్‌లో ధర తక్కువ ఉన్న మాట నిజం. కానీ ఊపి చూడని బ్యాటును కొనడం ఈ విషయంలో ఎంత ప్రమాదమో ఇంతవరకూ చెబుతూనే ఉన్నాను. కోర్టులో తోటివారి బ్యాట్లు అడిగి ఒక్కొక్కదానితో పది నిమిషాలు ఆడటం అన్నిటికంటే చవకైన పరీక్ష. "అన్నా, ఒక గేము మీ బ్యాటుతో ఆడతాను" అంటే మా కోర్టులో కాదన్నవారిని నేను చూడలేదు, తిరిగి ఇచ్చేటప్పుడు గ్రిప్ చెమటతో తడిసి ఉంటే మొహం చిట్లించినవారిని చూశాను.

అంగడికే వెళితే, సాయంత్రం ఆడి అలిసిపోయిన చేత్తో వెళ్ళండి. తాజా చేతికి అన్ని బ్యాట్లూ తేలికే. ఎంచుకున్న రెండు మూడింటిని వేలి మీద నిలబెట్టి తూకం చూడండి. తర్వాత ముంజేతిని కదపకుండా, మణికట్టుతో మాత్రమే ఎనిమిది ఆకారంలో ఒక నిమిషం తిప్పండి. మొదటి పది సెకండ్లలో ఏ తేడా తెలియకపోవచ్చు. నిమిషం ముగిసేసరికి ఒకటి చేతిని లాగుతుంది, ఇంకొకటి తనంతట తానే తిరుగుతుంది. ఆ రెండోదాన్నే ఎంచుకుని, దాని మీద ఎన్ని గ్రాములని రాసి ఉందో అప్పుడు చూడండి.